రెండు సీట్ల కారు, ఒక తవుడు బస్తా

జూన్ 22, 2001. శుక్రవారం

ఇవాళ ఆషాఢ శుద్ధ పాడ్యమి. కొత్త కోడళ్ళు పుట్టింటికి వెళ్ళే రోజు. పెళ్ళయిన నలభై నాలుగేళ్ళకి మా ఆవిడ సంపూర్ణమ్మ కూడా ఆషాఢానికి పెద్దాపురం వెళ్ళింది. ఒక్కతే వెళ్ళలేదు. గేదెను కూడా తీసుకెళ్ళింది.

గేదె పేరు పాపాయి. నిండు చూలుతో ఉంది. ఆవిడ తమ్ముడు నాగేశ్వరప్రసాద్ బియ్యం లారీ పంపించాడు. లారీ వెనక గడ్డి పరిచి పాపాయిని ఎక్కించి, ముందు డ్రైవరు పక్కన తాను కూర్చుంది. వీధి వీధంతా అరుగులెక్కి చూసింది. లారీ కదిలేముందు ఒక్క మాట అంది.

"శ్రావణం వచ్చేలోపు ఆ ఎర్రదాన్ని వదిలించుకోండి. అది మీదిగా ఉన్నన్నాళ్ళూ నేను ఆ ఇంటికి రాను."

"కొట్టంలో గేదెకి చోటు చాలట్లేదనేగా? నాలుగు తాటాకులు వేయించి పక్కకి పాక దింపితే..."

ఆవిడ నావంక చూసింది. ఆ చూపేమిటో నాకు బోధపడలేదు. లారీ వెళ్ళిపోయింది.

కోపమంతా గేదె గురించే. నాలుగేళ్ళుగా కారు కొట్టంలో సగం ఆక్రమించిన మాట నిజం. చూలు గేదె అటు తిరిగి ఇటు పడుకోవడానికి లేకపోవడమూ నిజం. కాబట్టి కోపం గేదె గురించే. ఇంకేమీ లేదు.

నెల రోజుల వ్యవధి ఉంది. నలభై ఏళ్ళు ఎడ్ల బేరాలు చేసినవాణ్ణి. ఒంగోలు జతల దగ్గర్నుంచి ఒంటికన్ను కోడె దాకా నా చేతిమీద అమ్ముడుపోనిది లేదు. ఒక కారు ఎంతసేపు?

జూన్ 23

చారు కాచాను. చారు అని నేను అంటున్నాను.

జూన్ 25. సోమవారం

నాకోసం నేను రాసుకునే పుస్తకంలో కారు చరిత్ర రాయక్కర్లేదు. కానీ సంతకి తోలుకెళ్ళే ముందు పశువు గుణగణాలు ఒకసారి మనసులో అనుకోవడం బేరగాడి అలవాటు. మా గురువు కొమ్ముల గవరయ్య అయితే పైకే అనుకునేవాడు. ఒకసారి గోదావరి దాటే పడవలో అలా అనుకుంటుంటే, పక్కనున్న పెళ్ళివారు తమ పిల్ల గురించే చెబుతున్నాడనుకుని కొట్టబోయారు. అది వేరే కథ.

తొంభై ఏడు మాఘంలో పెద్దాపురం దగ్గర ఒక పాత దివాణంలో బుల్లిరాజు గారని ఉండేవారు. ఆయనకి పందెం ఎడ్లు కావలసివచ్చాయి. ఆయన దగ్గర రొక్కం లేదు, కారుంది. నా దగ్గర కారు లేదు, ఎడ్లున్నాయి. మార్చుకున్నాం.

ఎర్ర కారు. పైకప్పు లేదు. రెండే సీట్లు. నేలకి ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చుంటే బాతులు సూటిగా మన కళ్ళలోకి చూస్తాయి. పరుగు పందాల కారని, దొరల సీమలో చేశారని రాజుగారు చెప్పారు. వెనకాల ఇత్తడి అక్షరాల్లో మూడు ఊడిపోయాయి. మిగిలినవి కూడబలుక్కుంటే ఏ మాటా కాలేదు.

రాజుగారు ఆచారం తెలిసిన మనిషి. పశువును అమ్మితే పలుపు ఇవ్వరు. ఆ తాడు అమ్మినవాడి గుంజకే ఉండాలి, లేకపోతే పశువు వెంట ఇంటి కలిసిరావడం కూడా వెళ్ళిపోతుంది. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. నేను నా ఎడ్ల పలుపులు విప్పి భుజాన వేసుకున్నాను. మరి కారుకి పలుపేది? రాజుగారు చాలాసేపు ఆలోచించి, తాళంచెవి లాగి జేబులో వేసుకున్నారు. నాకూ సబబుగానే తోచింది. ఆయన డ్రైవరు రెండు తీగలు కలిపి స్టార్టు చేసి ఇచ్చాడు. ట్రాక్టరు తోలడం తెలిసిన చేయి కనక నేనే నడుపుకుంటూ వచ్చేశాను.

అన్నట్టు, కొత్త చోటికి వెళ్ళే పశువు వెంట వారం రోజుల మేత పంపడం కూడా ఆచారమే. రాజుగారు తవుడు బస్తా ఒకటి తెప్పించి పక్క సీట్లో పెట్టించారు. ఆ రోజు గురించి ఇంక రాయాల్సిందేమీ లేదు.

ఇక ఇంజను సంగతి. అది పెట్రోలు తాగే తీరు చూసి నాకు గుండె జారిపోయింది. ఎంత మేపినా ఇంకా అనే పశువు ఇంటికి చేటు. అవతల మా చేలో నీళ్ళు తోడే ఆయిలింజను ఉంది. చెంబుడు డీజిలు పోస్తే పొద్దు గూకేదాకా డగ్ డగ్ మంటూనే ఉంటుంది. మండపేట మెకానిక్కు దొరబాబుని పిలిచాను.

"దొరబాబూ, దాని గుండె దీనికి, దీని గుండె దానికి మార్చగలవా?"

"ఆయ్, మార్చడానికేముందండి. నడుస్తాదా లేదా అన్నది తర్వాత సంగతండి."

నెల పట్టింది. నడిచింది. ముందువైపు హ్యాండిలు దూర్చి తిప్పాలి. ఆ తర్వాత రెండు ఊళ్ళ అవతలికి వినబడుతుంది. వేగం మాత్రం ఎడ్లబండి వేగమే. ఉషారుగా ఉన్న సైకిలువాడు దాటిపోతాడు.

కారు ఇంజను చేలో బిగించాం. ఒక్కసారే వేశాం. పావుగంటలో నా ఎకరం నిండి, గట్టు తెగి, పక్కచేను బుల్లియ్య ఆకుమడి మునిగి, ఆకుమడిలో బాతులు ఈదాయి. బుల్లియ్య ఇప్పటికీ నాతో మాట్లాడడు. ఆ ఇంజను అక్కడే తాటాకు పాకలో కూర్చుని ఉంది.

జూన్ 28. గురువారం

పేపరులో జిల్లా పేజీకి ప్రకటన రాసి ఇచ్చాను. నేను చదివింది మూడో తరగతి. మిగతా చదువంతా కిరాణా పొట్లాల కాగితాల మీద సాగింది. అందుకే నా రాతలో ఎక్కడో ఒకచోట వాక్యం చిరిగిపోయినట్టుంటుంది. ఇది మాత్రం శ్రద్ధగా రాశాను.

"అమ్మకానికి: ఎర్ర పందెం కారు. వయసు ముప్ఫై పైన, అయినా ఒంట్లో రోగం లేదు. సాధువు. పొడవదు, తన్నదు. పిల్లలు దగ్గరికి వెళ్ళవచ్చు. మేత తక్కువ. ఇంజను మార్చబడినది, గుణం మారలేదు."

పేపరాఫీసు అబ్బాయి రెండుసార్లు చదివాడు.

"ఇది కారా అండి, ఎద్దా అండి?"

"కారు అని రాశాను కదా."

"ఆయ్, రాశారండి. అందుకే అడుగుతున్నానండి."

జూలై 2. సోమవారం

మొదటి బేరం. మండపేట బ్యాండుమేళం గణేష్‌బాబు వచ్చాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, మనిషి ఖాళీ. శ్రావణంలో పెళ్ళి ఊరేగింపులకి అద్దెకి తిప్పుతానన్నాడు. వెంట తన బ్యాండు మొత్తాన్నీ తెచ్చుకున్నాడు, పరీక్ష చెయ్యడానికి.

దొరబాబు తోలాడు. మార్చిలో కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి నేను స్టీరింగు ముట్టడం లేదు. గణేష్‌బాబు పెళ్ళికొడుకులా పక్కన కూర్చున్నాడు. ముందు బ్యాండు, వెనక కారు. ఊరేగింపుకి కావలసిన వేగం అచ్చం అదే. ఇంకో రెండడుగులు ముందుకి లేదు, వెనక్కి లేదు. నాకు గర్వంగా అనిపించింది. కానీ నాలుగిళ్ళు దాటేసరికి డోలువాడు ఇంజను దరువులో పడిపోయాడు. తర్వాత క్లారినెట్టువాడు. వీధి చివరికి వెళ్ళేసరికి అందరూ కలిసి డగ్ డగ్ డగ్ అని ఒకటే వాయిస్తున్నారు, బయటికి రాలేకపోతున్నారు.

"పర్లేదండి," అన్నాడు గణేష్‌బాబు చెమట తుడుచుకుంటూ. "పొగగొట్టానికి ఏదోటి బిగిస్తే చప్పుడు తగ్గుద్ది. నేను తీసుకుంటానండి."

బేరం కుదిరినట్టే. అప్పుడు నా ధర్మం నాకు గుర్తొచ్చింది. ముందు రేకు మీద ఎడమ పక్కన గీత ఒకటుంది, గుండ్రంగా. ఎద్దుకి అక్కడ సుడి ఉంటే పెళ్ళి కావలసిన మగవాడున్న ఇంటికి పనికిరాదంటారు. ఆ మాట చెప్పాను.

"కారుకి సుడేంటండీ?"

"నాకు తెలిసింది చెప్పాను బాబూ. రేపొద్దున పీటల మీద పెళ్ళి ఆగిందంటే నన్ను అనకు."

బ్యాండు మొత్తం మొహమొహాలు చూసుకుంది. వెళ్ళిపోయారు.

లోపం దాచి అమ్మినవాణ్ణి కాదు. అంతే. అమ్మడం ఇష్టం లేక కాదు.

జూలై 3

దొరబాబు, "మీరు నిజంగా అమ్ముదామనే అనుకుంటున్నారా అండీ?" అన్నాడు. వాడికి ఎడ్ల బేరాలు తెలియవు.

జూలై 7. శనివారం

కాకినాడ నుంచి ఒకడు వచ్చాడు. ఎక్కి కూర్చోలేదు. రేకు నిమరలేదు. ఇంజను చూపించమని అడగలేదు. వెనక చక్రం దగ్గర వంగి, ఒక పక్క పైకెత్తి, బరువు చూశాడు.

"కిలోల లెక్కన మాట్లాడుకుందామండి," అన్నాడు. పాత ఇనుము వ్యాపారి.

నలభై ఏళ్ళలో కటికవాడికి ఒక్క పశువును ఇవ్వలేదు. గవరయ్య చేతిలో చేయి వేసి ప్రమాణం చేశాను. మంచినీళ్ళిచ్చి పంపించేశాను.

"కారండి అది," అన్నాడు దొరబాబు.

"నాకు తెలుసు."

"కరిగిస్తారంతేనండి. కోస్తారా ఏంటండి?"

 సాయంత్రం కారుకి నీళ్ళు పోసి కడిగాను.

శ్రావణానికి పద్నాలుగు రోజులు.

జూలై 8

కంది పచ్చడిలో ఉప్పు వేశానా లేదా అని మూడుసార్లు అనుమానం వచ్చింది. మూడుసార్లూ వేశాను.

జూలై 12. గురువారం

హైదరాబాదు నుంచి జయంత్ అని కుర్రవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి, పేపరు ముక్క పట్టుకుని వచ్చాడు. పాత కార్లు పోగేయడం అతని వ్యసనం. కొట్టం గుమ్మంలోనే చెప్పులు విడిచాడు.

"తాతగారూ, ఇలాంటిది మన దేశంలో ఇంకెన్ని ఉన్నాయో తెలుసా?"

"మా వీధిలో ఇదొక్కటే."

ముందు రేకు ఎత్తాడు. ఆయిలింజను చూశాడు. రేకు దించేశాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే అబద్ధం కాదు.

"దీని ఇంజనేదండీ?"

చేలోకి తీసుకెళ్ళాను. తాటాకు పాకలో దాన్ని చూసి, బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోడిపెట్ట ఒకటి దానిమీద గుడ్లు పొదుగుతోంది. అవతల గట్టు మీంచి బుల్లియ్య, నాతో మాట్లాడడు కనక గాలితో అన్నాడు:

"దాన్నెవరైనా తీసుకుపోతే ఈ ఊరికి పట్టిన వరద పోద్ది."

జయంత్ కారూ ఇంజనూ రెండూ తీసుకుంటానన్నాడు. మళ్ళీ కలుపుతాడట. సరే, కొట్టం ముందుకి వచ్చి, పద్ధతి ప్రకారం తువ్వాలు పరిచి, కింద అతని చేయి పట్టుకున్నాను. మా బేరాల్లో ధర నోటితో అనం. తువ్వాలు కింద ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. చుట్టూ వందమంది ఉన్నా ఇద్దరికే తెలుస్తుంది. కుదరకపోయినా ఎవరికీ పరువు పోదు.

"చెయ్యి ఎందుకు పట్టుకున్నారండీ?" అన్నాడు కంగారుగా.

"నువ్వు కూడా పట్టు బాబూ."

"తాతగారూ, నొప్పిగా ఉందండి."

చేయి లాగేసుకుని, ఊరందరి ముందూ, పైకి, గట్టిగా, ధర చెప్పాడు. దొరబాబు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. నేను మాత్రం ఒక ప్రశ్న అడిగాను.

"తీసుకెళ్ళి ఏం చేస్తావు? రోజూ తిప్పుతావా?"

"అయ్యో, కదపనే కదపనండీ. అద్దాల హాల్లో పెడతాను. ఏసీ వేసి."

"కట్టేసే ఉంచుతావన్నమాట."

ఇవ్వనన్నాను.

జూలై 13

ధర పైకి అన్నాడు. అందుకే ఇవ్వలేదు. పదిమందిలో ధర అరిచినవాడికి గవరయ్య గొడ్డుతోక కూడా చూపించేవాడు కాదు. వేరే కారణం లేదు.

జూలై 14

వేరే కారణం లేదని నిన్నే రాశాను. మళ్ళీ ఎందుకు రాస్తున్నానో తెలియదు.

జూలై 15. ఆదివారం

పొద్దున్నే ఫోను. బావమరిది నాగేశ్వరప్రసాద్.

"పాపాయి ఈనిందండీ బావగారూ. పెయ్యదూడ. నుదుట తెల్లమచ్చ."

"మీ అక్కేదీ?"

"జున్ను వండుతోందండి."

"ఇలా ఇవ్వు."

కాసేపు గుసగుసలు. మళ్ళీ అతనే.

"వండుతోందండి."

"సరే, నా మాటగా చెప్పు. కొట్టంలో గోడ కొట్టించి ఇంకో ఆరడుగులు పెంచుతాను. గేదెకీ దూడకీ..."

"బావగారూ, మీరు పెద్దవారు. ఒకటి అడగనా? అక్క గేదెకి చోటు లేదనే ఇక్కడికి వచ్చిందనుకుంటున్నారా?"

"మరెందుకూ?"

"తవుడు బస్తా గురించండి."

ఫోను పెట్టేశాడు. నేనే పెట్టేశానేమో.

జూలై 16

(ఏమీ రాయలేదు.)

జూలై 17. మంగళవారం

రాస్తాను. ఎవరు చదవబోతున్నారు కనక.

తొంభై ఏడులో కారు తెచ్చిన రోజు బుల్లిరాజు గారింటికి నేనొక్కణ్ణే వెళ్ళలేదు. ఇద్దరం వెళ్ళాం, బస్సులో. సంపూర్ణమ్మ తెల్లవారుజామునే లేచి తలంటుకుంది. నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుంది. కనకాంబరాలు పెట్టుకుంది. పులిహోర కలిపి డబ్బాలో పెట్టింది. ముందురోజు వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఆగి, రేపు కారులో వస్తున్నానని చెప్పింది. కారులో కూర్చుంటే చీర గాలికి ఎగురుతుందా అని కూడా నన్ను అడిగింది.

రాజుగారు తవుడు బస్తా సీట్లో పెట్టించాక చూస్తే, ఆవిడకి చోటు లేదు. బస్తా దింపితే రాజుగారికి అవమానం. మేత వద్దంటే పశువు వద్దన్నట్టే. నేను ఆవిడవైపు తిరిగి, "నువ్వు బస్సులో వచ్చేయ్," అన్నాను.

"సరేనండి," అంది. పులిహోర డబ్బా కూడా తనే పట్టుకెళ్ళింది. సామర్లకోట బస్టాండులో ఆ పట్టుచీరతో మూడు గంటలు నిలబడిందట. ఇది నాకు నాలుగేళ్ళ తర్వాత, నిన్న బావమరిదికి మళ్ళీ ఫోను చేస్తే తెలిసింది. అడగలేదు కనక.

నేను ఊళ్ళోకి వచ్చేసరికి వీధంతా బయట ఉంది, కారులో ఆవిణ్ణి చూడటానికి. తవుడు బస్తాని చూశారు.

తర్వాతెప్పుడైనా ఎక్కించుకుని ఉండొచ్చు. పోస్టుమాన్‌ని ఎక్కించుకున్నాను. పోలియో చుక్కల నర్సమ్మని ఎక్కించుకున్నాను. స్కూలు పిల్లల్ని జతలు జతలుగా తిప్పాను. ఒకసారి జ్ఞానమ్మ గారి మేకని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సంపూర్ణమ్మ అడగలేదు. అడగనిదే ఎందుకని నేనూ ఊరుకున్నాను.

ఇవాళ దొరబాబు వెనకవైపు రేకుని స్క్రూడ్రైవరుతో ఒక్కసారి తిప్పి పైకెత్తాడు.

"డిక్కీ అండి. బస్తా హాయిగా పడుద్దండి."

నాలుగేళ్ళు అది తెరుచుకుంటుందనే నాకు తెలియదు. దాని తాళం రాజుగారి జేబులో ఉంది కదా.

జూలై 20. శుక్రవారం. పెద్దాపురం, బావమరిది అరుగు మీద

అమావాస్య. ఆషాఢానికి ఆఖరు. మరిడమ్మ జాతరకి కూడా ఆఖరి రోజు. జాతరలో జనం ఎక్కువ కనక కొనేవాళ్ళూ ఎక్కువుంటారని కారుని ఇక్కడికి తోలించాను. కారణం అదే. సంపూర్ణమ్మ వస్తానంటే తీసుకెళ్ళడం వేరే విషయం.

చీకటి విడిచేసరికి బయలుదేరాం. ద్వారపూడి దగ్గర సైకిలు మీద కొబ్బరిబోండాలవాడు మాతో మాట్లాడుతూ వచ్చి, విసుగుపుట్టి ముందుకి వెళ్ళిపోయాడు. బిక్కవోలు దగ్గర ఒక ఎద్దులబండి దాటింది. ఎడం ఎద్దుని నేనే అమ్మాను ఒకప్పుడు. సామర్లకోట గేటు దగ్గర మా చప్పుడుకి గేట్‌మాన్ గూడ్సుబండి వస్తోందనుకుని గేటు వేసేశాడు. దొరబాబు దిగి వెళ్ళి, ఆ బండి మేమేనని చెప్పవలసివచ్చింది.

బావమరిది ఇంటి ముందు ఆగేసరికి మధ్యాహ్నం. వీధి మూగింది. సంపూర్ణమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. కాస్త చిక్కింది. లేకపోతే నాకు ఆపరేషన్ కంటితో అలా కనబడిందో ఏమో.

"ఎందుకొచ్చారు?"

"నిన్ను తీసుకెళ్దామని," అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎలా వచ్చిందో తెలియదు. దారంతా వేరే మాట సిద్ధం చేసుకున్నాను.

ఆవిడ మెట్టు దిగి, కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మరి నేనెక్కడ కూర్చోవాలండీ?"

చూశాను. స్టీరింగు దగ్గర దొరబాబు. పక్క సీట్లో నేను. ఉన్నవి రెండే సీట్లు. దాదాపు నలభై కిలోమీటర్లు వచ్చాను, ఆవిణ్ణి తీసుకెళ్ళడానికి, చోటు లేకుండా. మళ్ళీ అదే. డిక్కీ ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మరిడమ్మ తల్లి దయవల్ల బయటికి రాలేదు.

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. సంపూర్ణమ్మ నవ్వలేదు.

"అమ్మకానికే కదా ఇది?"

"ఆ... అమ్మకానికే."

"అయితే తువ్వాలు తియ్యండి."

"ఏంటీ?"

"తువ్వాలండీ. మీ భుజం మీదదే."

తీశాను. తనే విప్పి, మా ఇద్దరి చేతుల మీదా కప్పింది. కింద నా చేయి పట్టుకుంది. నలభై ఏళ్ళూ బేరగాళ్ళకి మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయిన మనిషి, ఎప్పుడు చూసిందో, ఎప్పుడు నేర్చుకుందో. వేళ్ళు గట్టిగా, తడబాటు లేకుండా పట్టింది. నేను తల అడ్డంగా ఊపాను. అలవాటు కొద్దీ. కొంచెం మార్చి పట్టింది. మళ్ళీ ఊపాను. మూడోసారి ఆవిడ పట్టిన పట్టుకి గవరయ్య కూడా తలవంచేవాడు.

"కుదిరింది," అన్నాను.

"ఎంతకండీ?" అని అరిచాడు దొరబాబు. నాగేశ్వరప్రసాద్ కూడా అడిగాడు. వీధంతా అడిగింది.

తువ్వాలు కింద సంగతి తువ్వాలు కిందే ఉంటుంది. ఈ పుస్తకంలో కూడా రాయను.

జూలై 21. శనివారం. మా అరుగు మీద

శ్రావణ శుద్ధ పాడ్యమి. పొద్దున్న ఏడింటికి కారు యజమానురాలు బయటికి వచ్చింది. నెమలికంఠం పట్టుచీర. పుట్టింటికి వెళ్ళేటప్పుడు అది పెట్టెలో పెట్టుకుని వెళ్ళిందన్నమాట. కనకాంబరాలు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో డబ్బా. గేదెనీ దూడనీ పది రోజుల తర్వాత లారీలో పంపమని తమ్ముడికి చెప్పింది.

దొరబాబు హ్యాండిలు తిప్పాడు. కారు అందుకుంది. ఆవిడ పక్క సీట్లో కూర్చుని, కుచ్చిళ్ళు సర్దుకుని, గొడుగు విప్పింది. తర్వాత దొరబాబు చేతిలోంచి హ్యాండిలు తీసుకుని నాకిచ్చింది.

"ఇదేంటీ?"

"పలుపండీ. అమ్మినవాళ్ళ దగ్గరే ఉండాలి కదా."

"ఇది లేకపోతే మధ్యలో ఆగితే ఎలా?"

ఆవిడ గొడుగు సర్దుకుంది. సూటిగా ముందుకి చూస్తూ అంది.

"మీరు బస్సులో వచ్చేయండి."

"సరే," అన్నాను. అంతకన్నా అనడానికేముంది.

హ్యాండిలు ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కండక్టరు దానికి లగేజీ కొట్టాలా అని అడిగాడు. పలుపు అని చెప్పాను. ఊరుకున్నాడు. బిక్కవోలు దాటాక కాలవ గట్టు మీద వాళ్ళని దాటాం. లేచి నిలబడి కిటికీలోంచి చూశాను. గొడుగు కింద నిటారుగా కూర్చుని ఉంది. చీర చెంగు ఎగురుతోంది. ఆ వేగానికి కూడా ఎగురుతోంది. చెయ్యి ఊపాను. నన్ను చూడలేదు. చూసిందేమో.

పదకొండింటికి ఇంటికి చేరాను. కొట్టం ఊడ్చాను. అన్నం వార్చాను. ఉప్పు వేయలేదు, అన్నంలో ఉప్పు వేయరని గుర్తొచ్చింది. వీధిలో అందరికీ, అడిగినా అడగకపోయినా, సంపూర్ణమ్మ కారులో వస్తోందని చెప్పాను.

రెండవుతోంది. వినబడుతోంది. డగ్ డగ్ డగ్. ద్వారపూడి రోడ్డు దిగి మా గట్టు ఎక్కి ఉంటారు. వీధంతా అరుగుల మీదకి వచ్చింది. పక్కింటి రత్తమ్మ మనవరాలు పూలు పట్టుకుని నిలబడింది.

ఆగిపోయింది.

ఆగిపోయింది. మళ్ళీ అందుకోలేదు.

హ్యాండిలు నా ఒళ్ళో ఉంది.

జూలై 22. ఆదివారం

నిన్న మైలున్నర నడిచాను. పరుగెత్తాననుకున్నానుగానీ బుల్లియ్య గట్టు మీంచి చూసి, నడిచాననే అంటాడు. వాడి బాతులు అడ్డం వస్తే దొరబాబు బ్రేకు వేశాడట. ఇంజను ఆగింది. నాట్లు వేసే ఆడవాళ్ళు పదిమంది చేలోంచి వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. సంపూర్ణమ్మ దిగలేదు. గొడుగు వేసుకుని, డబ్బా తెరిచి, అందరికీ పులిహోర పెడుతోంది. బాతులు కూడా ఉన్నాయి.

"వచ్చారా?" అంది.

హ్యాండిలు దూర్చి తిప్పాను. రెండుసార్లు తన్నింది. మూడోసారికి అందుకుంది.

"మీరు కూర్చోండి, నేను నడిచొస్తానండి," అని దొరబాబు లేవబోయాడు.

"కూర్చో నాయనా," అంది సంపూర్ణమ్మ. "ఆయనకి కన్ను ఆనదు."

కారు కదిలింది. తలుపు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాను. గట్టు మీద దాని నడకా నా నడకా ఒకటే. సీమలో పెట్టిన ఆ ఇంజనే ఇంకా దానిలో ఉండి ఉంటే ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయేది, నాకు దుమ్ము మిగిలేది. పెయ్యదూడ గురించి చెప్పింది. సామర్లకోట బస్టాండు గురించి చెప్పింది, మూడు గంటలూ ఏ బస్సు తర్వాత ఏ బస్సు వచ్చిందో. ఆ చప్పుడులో సగం వినబడలేదు. రెండోసారి చెప్పమన్నాను. చెప్పింది. కొట్టంలో చోటు గురించి ఒక్క మాట అనలేదు.

ఊరి మొదట్లో నావైపు గొడుగు కొంచెం వంచింది.

"అలిసిపోయారా?"

"కొంచెం."

ఆవిడ దొరబాబు వైపు తిరిగింది.

"ఇంకాస్త మెల్లగా పోనీ నాయనా."